వానలకు ముందే వంటచెరకు: కొట్టడం నుంచి పొయ్యిలో పెట్టేదాకా

పొయ్యి పొగ చిమ్మితే మనం ముందుగా అనుమానించేది పొయ్యినే. మట్టి రాల్చి మళ్లీ మెత్తుతాం, పొగగొట్టం ఇంకో రెండడుగులు పెంచుతాం, ఊదుగొట్టం పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంటాం. చాలాసార్లు తప్పు పొయ్యిది కాదు, కట్టెది. కట్టెలో మిగిలిపోయిన నీటిది. గ్యాసు వచ్చాక రోజువారీ వంటకు కట్టెలు వాడేవాళ్లు తగ్గిన మాట నిజమే. కానీ స్నానాలకు రాగి బాయిలరు, పెరట్లో నీళ్ల పొయ్యి, సంక్రాంతికి అరిసెల మూకుడు, పెళ్లికి గాడిపొయ్యి (నేలలో తవ్విన పొడవాటి పొయ్యి) ఇంకా కట్టెల మీదే నడుస్తున్నాయి. వాటన్నిటికీ కావలసిన కట్టె జూలైలో దొరకదు. ఫిబ్రవరి నుంచి మే లోపు తయారుచేసుకోవాలి.

అసలు నీరు చేసే నష్టం ఏమిటి?

అప్పుడే కొట్టిన పచ్చి కట్టె బరువులో దాదాపు సగం నీరే ఉంటుంది. పొయ్యిలో పెట్టదగిన కట్టెలో అది ఐదో వంతుకు, అంటే 20 శాతానికి మించకూడదు.

బాగా ఎండిన కిలో కట్టె సుమారు 4,400 కిలో కేలరీల వేడి ఇస్తుంది. పచ్చికట్టెలోని ప్రతి కిలో నీటిని మరిగించి ఆవిరి చేయడానికి 600కు పైచిలుకు ఖర్చవుతుంది. సగం నీరున్న కిలో పచ్చికట్టెలో అసలు కట్టె అరకిలోయే కాబట్టి వచ్చేది 2,200, ఆవిరికి పోయేది 300. ఇంతవరకు చూస్తే నష్టం ఏడో వంతే, పెద్దగా అనిపించదు. అసలు దెబ్బ వేరే చోట ఉంది. కట్టెలో ముప్పాతిక వంతు వేడికి వాయువులుగా మారి, ఆ వాయువులే మంటగా వెలుగుతాయి. అవి పూర్తిగా అంటుకోవాలంటే పొయ్యి లోపల 600 డిగ్రీల దాకా వేడి ఉండాలి. నీరు మరుగుతున్నంతసేపు కట్టె వేడెక్కదు, పొయ్యి చల్లబడుతుంది, వాయువులు కాలకుండానే బయటకు పోతాయి. మన కళ్లల్లో మండేది ఆ కాలని కట్టే. గిన్నె అడుగున జిగట మసిగా పట్టేదీ అదే. వంటింట్లో ఆడవాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోయేదీ అదే.

డబ్బు లెక్క కూడా చూడండి. కట్టెల అడితిలో తూకం వేసి కొంటాం కదా. సగం నీరున్న క్వింటాలు కట్టెలో 50 కిలోలు నీళ్లు. దాన్ని 20 శాతానికి ఎండబెడితే మిగిలేది అరవై రెండున్నర కిలోలు. వానాకాలంలో కట్టెలు కొనేవాళ్లు నీళ్లకు కూడా ధర కడుతున్నట్టే.

ఏ కట్టె తెచ్చుకోవాలి

మన వైపు మొదట చెప్పాల్సింది సర్కారు తుమ్మ. చెరువుగట్లు, బీళ్లు, రోడ్డుపక్కలు అన్నీ ఆక్రమించిన ఈ కంపచెట్టును రైతులు తిట్టని రోజు లేదు గానీ, వంటచెరకుగా దీనికి వంక పెట్టలేం. గట్టి కట్టె, నిలకడ మంట, మంచి బొగ్గు. బొగ్గు బట్టీలవాళ్లు దీని వెంట పడేది అందుకే. ముళ్లు మాత్రం జాగ్రత్త. గుచ్చుకుని విరిగితే వాపు రోజుల తరబడి తగ్గదు. దళసరి తోలు చేతి తొడుగులు, బూట్లు లేకుండా ముట్టుకోవద్దు. నల్ల తుమ్మ కూడా ఇంతే మంచిది, ముళ్లూ ఇంతే.

కోస్తాలో సరుగుడు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఇసుక నేలల్లో నాలుగైదేళ్లకు కోతకొచ్చే తోటలివి. లావు కర్రలు కాగితం మిల్లులకు, సెంట్రింగుకు పోతాయి. కొసలు, కొమ్మలు వంటచెరకుగా మిగులుతాయి. కొద్దిగా పచ్చిగా ఉన్నా అంటుకునే గుణం దీనికుంది. అది చూసి చాలామంది ఎండబెట్టడం మానేస్తారు. మంట వస్తుంది నిజమే, మసీ వస్తుంది.

సుబాబుల్, జామాయిల్ రెండూ వాడుకోదగ్గవే. జామాయిల్ ఎండితే చీల్చడం కష్టం, కొట్టిన వారంలోనే చీల్చేయాలి. చింత మంట అద్భుతం, కానీ చింత మొద్దును మాంసం కొట్టేవాళ్లు ఊరికే ఎంచుకోలేదు. గొడ్డలి దిగదు. కొమ్మలు తీసుకోండి, మొదలు వాళ్లకే వదిలేయండి. మామిడి మధ్యస్తం: త్వరగా ఎండుతుంది, త్వరగా కాలిపోతుంది, పురుగూ త్వరగానే పడుతుంది. మునగ, బూరుగ మోసుకొచ్చే శ్రమకు కూడా తగవు. కొబ్బరి, తాటి మొదళ్లు నారగా ఉండి నీరు పట్టుకుంటాయి, పొయ్యికి పనికిరావు. వాటి మట్టలు, కమ్మలు, డొక్కలు మాత్రం రాజేయడానికి దివ్యంగా ఉంటాయి.

పంట కట్టెల్లో కందికట్టె మొదటిది. అంటించగానే మండుతుంది, పొగ తక్కువ. పత్తికట్టె వాడే ఊళ్లు చాలా ఉన్నాయి. కానీ దాన్ని చేనుగట్టున నెలల తరబడి గుట్ట వేసి ఉంచితే గులాబీ రంగు పురుగు అందులో దాక్కుని వచ్చే పంట మీద పడుతుంది. వాడితే వేసవిలోనే వాడేయండి. మిరపకట్టె ఘాటు తెలిసిందే. దాని మీద కొట్టిన మందుల సంగతి కూడా తలచుకుంటే ఇంట్లో కాల్చబుద్ధి కాదు.

పొయ్యిలో ఎప్పుడూ పెట్టకూడనివి కొన్ని ఉన్నాయి. గన్నేరు చెట్టంతా విషమే, పొగతో సహా. పాలు కారే జెముడు జాతులు పెట్టొద్దు. పచ్చి జీడిపిక్కల తొక్కల్లో చర్మాన్ని కాల్చే నూనె ఉంటుంది, దాని పొగ కూడా అంతే. పాత తలుపులు, కిటికీల రంగుల్లో సీసం ఉండొచ్చు. ప్లైవుడ్డు, ప్రెస్సు చెక్కల్లో జిగురు మందులుంటాయి. ఇక నిప్పు రాజేయడానికి సైకిల్ ట్యూబు ముక్క, తెగిన చెప్పు, పాలిథీన్ కవరు వేసే అలవాటు ఉందే, దాన్ని ఈరోజే మానేయాలి. ఎండిన కొబ్బరి ఆకు దొరకని ఊరు మనకు లేదు.

చెట్టు మీ పొలంలోదే అయినా కొట్టేముందు ఒక మాట. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల సంరక్షణ) చట్టం రెండు రాష్ట్రాల్లోనూ చెట్ల నరికివేతకు అనుమతి అడుగుతుంది. కొన్ని జాతులకు మినహాయింపులున్నాయి. మీ చెట్టు ఏ కోవలోకి వస్తుందో అటవీ శాఖ కార్యాలయంలో ముందే కనుక్కోండి. బండి కట్టాక దారిలో ఆపితే వాదన మిగులుతుంది, కట్టెలు మిగలవు.

ఎప్పుడు కొట్టాలి

సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి శివరాత్రికి పూర్తిచేస్తే సరిగ్గా సరిపోతుంది. ఆ తర్వాత మూడు నెలలకు పైగా ఎండ ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ ఎండ రోళ్ల కంటే కట్టెలకు ఎక్కువ అవసరం. మే 25 ప్రాంతంలో రోహిణి వస్తుంది, జూన్ 8 ప్రాంతంలో మృగశిర. మృగశిర లోపు కట్టె కప్పు కిందికి చేరాలి. నెల్లూరు, చిత్తూరు వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి కాబట్టి వాళ్లకు ఇంకొంత వెసులుబాటు ఉంది.

తుపానుకు పడిపోయిన చెట్టు మీద ఆశ పెట్టుకున్నవాళ్లకు: నిరుటి చెట్టే అయినా నేల మీద దుంగగా పడి ఉంటే లోపల పచ్చిగానే ఉంటుంది. అది ఎండలేదు, కుళ్లడం మొదలుపెట్టింది అంతే.

కోయడం, చీల్చడం

ముందు పొడవు తేల్చుకోండి. మట్టి పొయ్యిలో కట్టెను ముందుకు తోస్తూ కాలుస్తాం కాబట్టి మూరెడు, అంటే అడుగున్నర బాగుంటుంది. రాగి బాయిలరు గొట్టం ఇరుకు, దానికి జానెడు ముక్కలు కావాలి. గాడిపొయ్యికి మూడడుగులదైనా పర్వాలేదు. మీ పొయ్యి నోరు కొలిచి, ఆ కొలతకు ఒక పుల్ల విరిచి పట్టుకుని, ప్రతి కోతకూ దాన్నే ఆనించి కోయండి. ఒకే పొడవు ఉంటే పేర్చడమూ సులువే.

పొట్టిగా కోయడంలో ఇంకో లాభం ఉంది. చెట్టు బతికి ఉన్నప్పుడు నీరు వేరు నుంచి కొమ్మకు సన్నని గొట్టాల గుండా ఎక్కుతుంది. కొట్టాక కూడా నీరు ఆ దారినే, కోసిన కొసల నుంచి బయటకు పోతుంది. పక్కల నుంచి పోయేది చాలా తక్కువ, బెరడున్న చోట దాదాపు ఏమీ పోదు. అందుకే మూడడుగుల గుండ్రటి దుంగ ఒక వేసవంతా ఎండలో పడి ఉన్నా లోపల తడిగా ఉంటుంది. అదే కట్టెను మూరెడుగా కోసి నాలుగు పేళ్లుగా చీలిస్తే రెండు నెలల్లో తట్టితే మోగేంత ఎండుతుంది. కట్టెను ఎండబెట్టేది ఎండ అనుకుంటాం గానీ, సగం పని గొడ్డలి చేస్తుంది.

మణికట్టంత లావున్న కొమ్మల్ని చీల్చక్కర్లేదు. అయినా కత్తితో ఒక పక్క బెరడు చెక్కేస్తే మేలు. అంతకు మించిన వాటిని చీల్చాలి. తెగిన పేడు మందం మూడు నాలుగు అంగుళాలు దాటొద్దు. బాయిలరుకైతే రెండంగుళాలు.

చీల్చడం పచ్చిగా ఉన్నప్పుడే. ఎండిన తుమ్మ మీద గొడ్డలి వేస్తే గొడ్డలే ఎగిరి వెనక్కి వస్తుంది. చెట్లు నరికే పలచటి గొడ్డలి ఈ పనికి సరిపోదు, కట్టెలో ఇరుక్కుపోతుంది. వెనుక దళసరిగా, బరువుగా ఉన్న గొడ్డలి కావాలి. లావు మొద్దులకు ఇనుప చీల, సమ్మెట. కింద మోకాలి కంటే కాస్త తక్కువ ఎత్తున్న అడుగు మొద్దు పెట్టండి. నేల మీదే పెట్టి కొడితే గొడ్డలి రాయికి తగిలి పదును పోతుంది, గురి తప్పితే పాదం దాకా రావచ్చు.

కొసను చూస్తే మధ్య నుంచి అంచుకు సన్నటి నెర్రెలు కనిపిస్తాయి. వాటి వెంటే కొట్టండి. కణుపు కనపడితే దాన్ని తప్పించి పక్కనుంచి. పెద్ద మొద్దును నడిమి నుంచి చీల్చబోకుండా అంచుల నుంచి పేళ్లు లాగుతూ పోతే శ్రమ సగమవుతుంది. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడండి. పిల్లలు, కోళ్లు, ఫోను మాట్లాడుతూ వచ్చే చుట్టాలు ఎవరూ పది పన్నెండు అడుగుల లోపు ఉండకూడదు. పని మొదలుపెట్టే ముందు గొడ్డలి తల వదులైందేమో చూడటం మరవద్దు. వదులైన గొడ్డలిని రాత్రి నీళ్లలో నానబెట్టడం మన పాత చిట్కా. అది ఆ పూటకే పనిచేస్తుంది. కర్ర ఆరగానే మళ్లీ వదులవుతుంది, ఎగిరే తల ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. కొత్త చీల దిగ్గొట్టించండి.

పేర్చడం

కుప్పగా పోస్తే పైవి ఎండుతాయి, అడుగువి బూజు పడతాయి. పేర్చాలి.

కింద నేల తగలకూడదు. జానెడు ఎత్తున ఇటుకలో రాళ్లో వరసగా పెట్టి, వాటి మీద రెండు పొడవు కర్రలు అడ్డంగా వేయండి. చెదలకు, నేల చెమ్మకు అదొక్కటే మందు. వరసకు రెండు చివర్లా పేళ్లను ఒక పొర నిలువుకు, ఒక పొర అడ్డానికి చౌకంగా పేరిస్తే స్తంభాల్లా నిలబడతాయి. మధ్యలో మామూలుగా ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ పోవచ్చు. మరీ బిగించి పేర్చకండి, మధ్యలోంచి గాలి ఈల వేయాలి. బెరడున్న పక్క పైకి ఉంచితే అకాల వాన పడినా కొంత జారిపోతుంది. ఎత్తు ఛాతీ దాటొద్దు.

ఒక్క వరసే వేయండి. చోటు చాలక రెండు మూడు వేయాల్సి వస్తే మధ్యన కనీసం మూరెడు సందు వదలండి. కోసిన కొసలు గాలి వచ్చే దిక్కుకు ఉండాలి. కోస్తాలో వేసవి మధ్యాహ్నం సముద్రం గాలి తూర్పు, ఆగ్నేయాల నుంచి వస్తుంది. లోపలి జిల్లాల్లో పడమటి గాడ్పు. ఎండా గాలీ రెండూ దొరికే చోటు మంచిది. రెండిట్లో ఒకటే దొరికితే గాలినే ఎంచుకోండి.

ఇంటి గోడకు ఆనించి పేర్చడం అందరూ చేసేదే, నాకు నచ్చనిదే. చెదలు కట్టె నుంచి గోడలోకి, గోడ నుంచి ద్వారబంధంలోకి పోతాయి. గాలి ఒక పక్కే తగులుతుంది. ఎలుకలు చేరతాయి, ఎలుకల వెనక పాములు. రెండడుగులు ఎడం ఉంచండి. గడ్డివాముకు, తాటాకు పాకకు, పొయ్యికి మాత్రం వీలైనంత దూరం.

వేసవిలో కప్పక్కర్లేదు. మబ్బు పట్టిన రోజుల కోసం రెండు రేకులు పక్కన పెట్టుకుంటే చాలు. కప్పినప్పుడు పైన మాత్రమే కప్పండి, పక్కలు తెరిచి ఉంచండి. టార్పాలిన్‌తో నేలదాకా చుట్టేస్తే కట్టె నుంచి వచ్చిన ఆవిరి పట్టకే అంటి తిరిగి కట్టె మీదే చుక్కలుగా పడుతుంది. పది రోజుల్లో తెల్లబూజు.

ఎండిందని ఎలా తెలుస్తుంది

కొసల్లో పగుళ్లు విచ్చుకోవడం, బెరడు వదులై ఊడిరావడం, రంగు మాసిపోవడం గుర్తులే గానీ వీటిని పూర్తిగా నమ్మలేం. పైన ఎండి లోపల పచ్చిగా ఉన్న కట్టెకు కూడా పగుళ్లుంటాయి. రెండు పేళ్లను ఒకదానికొకటి తట్టండి: ఎండినవి ఖణేల్‌మంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. అనుమానం వస్తే ఒక పేడును మధ్యకు చీల్చి లోపలి ముఖాన్ని చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా నీరుంది.

అన్నిటికంటే నమ్మదగింది తక్కెడ. పేర్చేటప్పుడే వేర్వేరు చోట్ల నుంచి నాలుగైదు పేళ్లు తీసి, సుద్దతో నంబర్లు వేసి, బరువు రాసిపెట్టుకోండి. చేతికి వేలాడే డిజిటల్ కాటా చాలు. వారం వారం తూచండి. మొదటి వారాల్లో బరువు గబగబా పడుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. వరసగా రెండు వారాలు తేడా లేకపోతే ఆ గాలికి ఎండాల్సినంత ఎండినట్టే. సగం నీరుతో మొదలైన రెండు కిలోల పేడు ఒకటింబావు కిలోకు దిగితే 20 శాతానికి వచ్చినట్టు.

ముళ్లు గుచ్చి తేమ చూపే చిన్న మీటర్లు ఇప్పుడు ఆన్‌లైనులో దొరుకుతున్నాయి. కొంటే రెండు సంగతులు గుర్తుంచుకోండి. అప్పుడే చీల్చిన లోపలి ముఖం మీద గుచ్చాలి, కొసల మీద కాదు. పైగా ఆ మీటరు నీటిని ఎండు కట్టె బరువుతో పోల్చి శాతం చెబుతుంది. మనం పైన లెక్కించిన 20 శాతం దాని మీద 25గా కనిపిస్తుంది. మీటరు 20 చూపితే ఇంకా మంచిదే.

సుమారుగా చెప్పాలంటే, మణికట్టు లావు కొమ్మలకు ఏప్రిల్, మే ఎండలో నెల పైచిలుకు. మూడంగుళాల పేళ్లకు రెండు మూడు నెలలు. సముద్రం పక్కన రాత్రి చెమ్మ ఎక్కువ, ఇంకొన్ని వారాలు కలుపుకోండి.

వానాకాలంలో కాపాడుకోవడం

ముసురు పట్టిన గాలికే కట్టెలు మెత్తబడిపోతాయని భయపడేవాళ్లున్నారు. గాలిలో తేమ 80, 85 శాతం ఉన్నా, కప్పు కింద ఉన్న ఎండు కట్టె తేమ 18 శాతం లోపే ఆగిపోతుంది. అది చక్కగా మండుతుంది. పాడుచేసేవి వాన జల్లు, నేల చెమ్మ మాత్రమే. కాబట్టి తలుపులున్న గది అక్కర్లేదు. పైన రేకు, జల్లు కొట్టే పక్క తడిక, కింద జానెడు ఎత్తు ఉంటే చాలు. పొరపాటున పైపైన తడిసినా రెండు మూడు రోజుల గాలికి ఆరిపోతుంది, అది పచ్చికట్టె నీరు లాంటిది కాదు.

రెండు మూడు రోజులకు సరిపడా కట్టెలు మాత్రం వంటింట్లోకి తెచ్చుకోండి. పొయ్యి మీది అటకలో పెట్టి ఆరబెట్టే పాత పద్ధతిలో తెలివి ఉంది, ప్రమాదమూ ఉంది. మంటకు, అటకకు మధ్య నిలువెత్తు దూరం లేకపోతే వద్దు. ఆరుతాయని పొయ్యి గట్టు మీద కట్టెలు పెట్టి నిద్రపోవడం అసలు వద్దు.

కట్టెల వరసలో చెయ్యి పెట్టే ముందు ఒక కర్రతో రెండు దెబ్బలు తట్టండి. తేళ్లు, జెర్రులు వానాకాలంలో పొడి చోటు వెతుక్కుంటాయి. కట్లపాము కూడా. చీకటి పడ్డాక టార్చి లేకుండా కట్టెలకు వెళ్లొద్దు. కింద పిండిలా తెల్లపొడి రాలుతుంటే పుచ్చు పురుగు పడినట్టు. భయపడక్కర్లేదు, ఆ కట్టెను ముందు కాల్చేయండి. మందు కొట్టొద్దు, ఆ మందు రేపు పొగలో వస్తుంది.

పొయ్యిలో పెట్టడం

ఇంత శ్రమపడి ఎండబెట్టిన కట్టెను పొయ్యి నిండా కుక్కితే మళ్లీ పొగే. నోట్లో సగానికి మించి కట్టె ఉండకూడదు, మిగతా సగం గాలిది. కట్టెల కింద చిన్న ఇనుప జల్లెడ పెడితే గాలి అడుగు నుంచి వస్తుంది, ఊదుగొట్టం అవసరం బాగా తగ్గుతుంది. రాజేయడానికి కొబ్బరి ఆకు, దాని మీద కందిపుల్లలు, అవి అందుకున్నాక సన్న పేళ్లు, చివరికి లావువి. కొస మాత్రమే మండేలా ఉంచి, కాలేకొద్దీ లోపలికి తోయండి. కోడిపొయ్యి (పెద్ద పొయ్యి సెగతోనే వేడెక్కే పక్క పొయ్యి) ఉంటే దాని మీద నీళ్లగిన్నె ఎప్పుడూ ఉండాలి, ఆ సెగ వృథా పోకూడదు. వంట అయ్యాక కట్టెల్ని వెనక్కి లాగి బూడిదలో గుచ్చి ఆర్పండి. నీళ్లు చల్లితే కట్టె తడుస్తుంది, మట్టి పొయ్యి పగులుతుంది.

పొగగొట్టాన్ని ఏడాదికోసారైనా దులపాలి. పచ్చికట్టె కాల్చిన ఇళ్లలో లోపల తారు లాంటి నల్లటి పొర గట్టిపడుతుంది. ఒక రోజు మంట పైకి లేస్తే ఆ పొరే అంటుకుంటుంది.

అమెరికాలోనో, ఇంగ్లండులోనో ఇనుప పొయ్యి ఉన్న ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. పొయ్యి రాత్రంతా మండుతుంది, గొట్టం పొడవు. పైన చెప్పిన పద్ధతులన్నీ అక్కడా పనిచేస్తాయి, నెలల లెక్క ఒక్కటే పనిచేయదు. అక్కడి ఓక్ కట్టెకు ఏడాది నుంచి రెండేళ్లు కావాలి. కాబట్టి వచ్చే చలికాలానిది కాదు, ఆపై చలికాలానికి కావలసింది ఇప్పుడు పేర్చుకోవాలి. ఇంగ్లండులో 2021 మే నుంచి రెండు ఘనపు మీటర్ల లోపు అమ్మే కట్టెలో తేమ 20 శాతం దాటకూడదని నిబంధన ఉంది, ‘రెడీ టు బర్న్’ ముద్ర చూసి కొనండి. అమెరికాలో కట్టెను కార్డు లెక్కన అమ్ముతారు: 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, 8 అడుగుల పొడవు. చవకగా వస్తోందని దూరం నుంచి తెచ్చుకోవద్దు. కట్టెలతో పాటు ప్రయాణించే పురుగులు అక్కడి యాష్ చెట్లను ఊళ్లకు ఊళ్లు చంపాయి, అందుకే చాలా రాష్ట్రాల్లో తరలింపు మీద ఆంక్షలున్నాయి.

ఎక్కడున్నా బూడిద ఎత్తేటప్పుడు ఒకటే జాగ్రత్త. చల్లారినట్టు కనిపించే బూడిదలో నిప్పుకణికలు మర్నాటి దాకా బతికే ఉంటాయి. మూతున్న ఇనుప డబ్బాలోకే ఎత్తండి, ప్లాస్టిక్ బకెట్లోకి కాదు. రెండు రోజులాగి, చేత్తో తాకి చూసి, అప్పుడు పాదుల్లో చల్లుకోండి.